పన్నెండు కాలమ్‌ల బాబు

ఏలూరు పవర్‌పేట స్టేషను చుట్టుపక్కల ఒక జెరాక్సు షాపు, దాని మీద మేడ, ఆ మేడకి ఇనప మెట్లు కనిపించాయంటే పైన ఇతను ఉన్నట్టే. బోర్డు మీద ‘వెబ్ డిజైనింగ్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, పాన్ కార్డు, లామినేషన్’ అని వరసగా రాసుంటుంది. మొదటిదాని కోసం ఇతను బతుకుతున్నాడు. మిగతా మూడింటి వల్ల బతుకుతున్నాడు.

అసలు పేరు ఆధార్ కార్డులో ఉంది. వీధిలో మాత్రం పన్నెండు కాలమ్‌ల బాబు. ఇలాంటి బాబు భీమడోలులో ఒకడున్నాడు, ఉంగుటూరులో ఒకడున్నాడు, తాడేపల్లిగూడెంలోనైతే వీధికొకడు. ఇంజనీరింగు, ఆ తరవాత అమీర్‌పేటలో కోర్సు, హైదరాబాదులో చిన్న ఉద్యోగం, కరోనాలో ల్యాప్‌టాప్ సంచీతో ఇంటికి రావడం, రావడం వచ్చి ఇక్కడే ఉండిపోవడం. అందరిదీ ఇదే కథ గనక ఒకణ్ణి పట్టుకుంటే చాలు.

ఇతన్ని గుర్తుపట్టడం తేలిక. కంప్యూటర్లో దరఖాస్తు కనబడితే మనబోటివాళ్లు పేరు ఎక్కడ రాయాలా అని చూస్తారు. ఇతను అందులో ఏమీ రాయడు. కొండమీద దర్శనం టికెట్లు పదింటికి వదులుతారని ఇంటిల్లిపాదీ ఆధార్ కార్డులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. పది కొడుతుంది, పేజీ తెరుచుకుంటుంది. ‘కొట్టరా, కొట్టు’ అంటుంది అమ్మ. ఇతను బ్రౌజరు అంచు పట్టుకుని లోపలికి లాగుతాడు, బయటికి లాగుతాడు, మళ్లీ లోపలికి. ‘చూశావా అమ్మా, 768 దగ్గర విరిగిపోయింది’ అంటాడు. ‘ఏం విరిగిందిరా నాయనా!’ అని ఆవిడ గుండె పట్టుకునేసరికి టికెట్లు అయిపోతాయి.

768 అంటే పిక్సెళ్లు. బూట్‌స్ట్రాప్ అనే సరంజామాలో అదొక గీత. తెర వెడల్పు అంతకి తక్కువైతే ఒక తీరు, ఎక్కువైతే ఒక తీరు. పేజీని నిలువునా పన్నెండు కాలమ్‌లుగా కోస్తారు. ఏ పెట్టెకి ఎన్ని కాలమ్‌లో చెప్పాలి. ‘కాల్-ఎండీ-6’ అంటే మధ్యరకం తెర నుంచి పైకి ఆరు కాలమ్‌లు, అంటే సగం వెడల్పు. వరసలో అన్నీ కలిపి పన్నెండు దాటితే ఆఖరి పెట్టె కింద వరసలోకి జారిపోతుంది. చెప్పుకుంటే ఇంతే. అర్ధరాత్రి దాకా స్నేహితుడితో ఫోనులో ‘కాల్ ఎండీ సిక్స్, కాల్ ఎండీ సిక్స్’ అంటుంటే, ఎవరో ఎండీగారికి ఆరుసార్లు ఫోను చేయిస్తున్నాడు, ఉద్యోగం దగ్గరపడ్డట్టుందని వాళ్ల నాన్నగారు కొన్నాళ్లు సంబరపడ్డారు.

ఈ బూట్‌స్ట్రాప్ సంగతి అడిగినవాడు ఆ పూట భోజనానికి ఇంటికి వెళ్లలేడు. ‘2010 మే నెలండీ. ఈతన్ మార్కాట్ అని ఒకాయన వ్యాసం రాశాడండీ. ఫోనుకొక పేజీ, కంప్యూటరుకొక పేజీ ఎందుకు, తెరకి తగ్గట్టు సర్దుకునే పేజీ ఒకటి చాలదా అన్నాడు. మరుసటేడు ఆగస్టులో ట్విట్టర్‌లో పనిచేసే మార్క్ ఓటో, జేకబ్ థార్న్‌టన్, ఆఫీసు పనికోసం కుట్టుకున్నదాన్ని ఊరికే లోకానికి వదిలేశారండీ, ఊరికే!’ ఈ ‘ఊరికే’ దగ్గర గొంతు పూడుకుపోతుంది. ‘మొదట్లో పదహారు కాలమ్‌లండీ. 2012లో రెండో వెర్షన్ వచ్చేసరికి పన్నెండు చేశారు. పన్నెండైతే రెండుతో పోతుంది, మూడుతో పోతుంది, నాలుగుతో పోతుంది, ఆరుతో పోతుంది.’

పన్నెండు మీద ఈ మోజు పేజీ దాటి బయటికొచ్చేసింది. నిడమర్రు పక్కన తాతగారి పొలం ఏడెకరాలు. ముగ్గురు అన్నదమ్ములు పంచుకోవడానికి కూర్చున్నారు. పెద్దమనుషులు తలలు పట్టుకుని ఉండగా, ‘ఇదే పన్నెండెకరాలైతే కాల్-4 చొప్పున పోయేది’ అన్నాడు ఇతను. మిగతా అయిదెకరాలు ఎవరిస్తారో చెప్పమన్నారు. ఆ తరవాత కాఫీలు తెమ్మని పంపించేశారు.

వెర్షన్ల గొడవ ఒకటుంది, అది ఇతని సంసారపక్షపు దుఃఖం. 2013లో మూడోది, 2018లో నాలుగోది, 2021లో అయిదోది. ఇతను నేర్చుకుంది మూడులో. అందులో ‘ఫారమ్-గ్రూప్’ అని ఒకటుండేది. పేరు, దాని కింద పెట్టె, ఆ రెండూ కలిపి ఒక కుటుంబం, కుటుంబానికీ కుటుంబానికీ మధ్య కాస్త ఎడం. అయిదో వెర్షన్‌లో దాన్ని ఎత్తేశారు. ఇతను ఎవరికీ చెప్పకుండా ఒక కాన్వెంటు అడ్మిషన్ ఫారాన్ని మూడు నుంచి అయిదుకి మార్చాడు. తెల్లారేసరికి గడులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. తల్లి పేరు గడికీ బ్లడ్ గ్రూపు గడికీ మధ్య వెంట్రుకంత సందు లేదు. కరస్పాండెంటుగారు చూసి, ‘బాగుందయ్యా, పొదుపుగా ఉంది’ అన్నారు. ఇతను ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తిట్టినా తినేవాడే.

ఇక ఫారం కట్టడం. కైకలూరులో చేపల మేత డీలరుగారు ఒకాయన, అప్పు మీద మేత పట్టుకెళ్లే చెరువుల రైతుల వివరాలు రాసుకోవడానికి ఒకటి చేయమన్నారు. ఇతను ఎప్పటిలాగే బూట్‌స్ట్రాప్ వాళ్ల పుస్తకంలో నమూనాకి ఉన్న చిరునామా ఫారం ఎత్తుకొచ్చాడు. ఊరికి ఆరు కాలమ్‌లు, రాష్ట్రానికి నాలుగు, పిన్‌కోడుకి రెండు. ఆరూ నాలుగూ రెండూ పన్నెండు. ఆ లెక్క చూస్తే ఇతనికి కడుపు నిండిపోతుంది. అందులో మచ్చుకి లేత రంగులో ‘1234 మెయిన్ స్ట్రీట్’ అని ఉంటుంది, తీయడం మర్చిపోయాడు. ‘ఈ 1234 ఎవరిదయ్యా, ఈయనకి మనం మేత ఇచ్చామా?’ అని డీలరుగారు ఖాతా పుస్తకం తిరగేశారు.

పేరు దగ్గర ఇంకా పెద్ద రభస. అమెరికావాళ్లకి మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు. నాలుగేసి కాలమ్‌లు, మూడూ సమానం, చూడముచ్చట. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, అసలు పేరు తరవాతొస్తుంది, పిలిచే పేరుకి ఈ రెండిటితోనూ సంబంధం ఉండదు. పరీక్షకని డీలరుగారే కూర్చుని నింపారు. మొదటి పేరులో తన పేరు ఇంటిపేరుతో సహా రాశారు. మధ్య పేరులో తండ్రి పేరు రాశారు. చివరి పేరు దగ్గర కాసేపు ఆలోచించి ‘గారు’ అని రాశారు.

జిల్లా గడి సంగతి చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. కైకలూరు కృష్ణా జిల్లాలో పడుకుని ఏలూరు జిల్లాలో లేచింది. తాడేపల్లిగూడెం పశ్చిమగోదావరిలోనే ఉంది గాని, కలెక్టరుగారి కోసం ఏలూరు రావడం మానేసి భీమవరం వెళ్తోంది. ఫారంలో ఏలూరు అని ఉంటే రైతు కృష్ణా కోసం వెతుక్కుంటాడు. ‘జిల్లా మారిందండీ’ అంటే, ‘మారితే మారిందిలేవయ్యా, చెరువు అక్కడే ఉందిగా’ అంటాడు. చివరికి ఇతను ఆ గడి తీసేసి మండలం పెట్టాడు. అది మాత్రం మంచి పని. మండలం అందరికీ తెలుసు.

తరవాత వరసలు: చెరువు ఎన్నెకరాలు, సొంతమా లీజా, వేసింది బొచ్చా, శీలావతా, వనామి రొయ్యా, పిల్ల వేసిన తేదీ, పట్టుబడి ఎప్పుడు, బాకీ ఎంత. బాకీకి రెండు కాలమ్‌లిచ్చాడు. డీలరుగారికి కోపం వచ్చింది. ‘నా బాకీలు అందులో పడతాయనుకున్నావా?’ అన్నారు. నాలుగు చేశాడు. ‘ఇంకా’ అన్నారు. చివరికి బాకీకి పన్నెండు కాలమ్‌లూ పోయాయి, ఆ వరసలో ఇంకెవరికీ చోటు లేదు. ఆ వ్యాపారానికి అదే సబబు.

తెలుగు అక్షరాలతో ఇంకో పేచీ. ఇంగ్లీషు అక్షరం గీత మీద కూర్చుంటుంది. మనది పైన తలకట్టు, కింద వత్తు, కొన్ని చోట్ల వత్తు కింద వత్తు. పెట్టె చక్కగా కనబడాలని ఇతను వరస ఎత్తు తగ్గించాడు. ‘రొక్కం’లో కావత్తు సగానికి తెగింది. ‘నా రొక్కంలోనే కోత పెట్టావా?’ అన్నారు డీలరుగారు. పైగా ఆయన తెచ్చిన పాత మేటరంతా పెళ్లికార్డుల ప్రెస్సులో ‘అను’ అనే పాత ఫాంటు అక్షరాల్లో కొట్టించింది. దాన్ని తెచ్చి పేజీలో అతికిస్తే చీమలు సిరాలో పడి లేచి నడిచినట్టుంది. మొత్తం మళ్లీ టైపు చేసుకున్నాడు పాపం.

సరే, ఫారం తయారైంది. ల్యాప్‌టాప్ మీద చూస్తే నిజంగానే చూడచక్కగా ఉంది. సగం సగం, మూడో వంతు, పావు, అంచులన్నీ దారం పట్టినట్టు ఒక్క తిన్నన. రాత్రి రెండింటికి లేచి ఇంకోసారి చూసుకుని పడుకునేవాడు. ఇక్కడే ఇతని జీవితంలోని అసలు ఘోరం ఉంది. ఆ ఫారాన్ని ఆ రూపంలో చూసేది లోకంలో ఇతనొక్కడే.

ఎందుకంటే కొల్లేటి లంకల్లో ల్యాప్‌టాప్ మీద ఫారం నింపేవాడు లేడు. చెరువు గట్టు మీద, నెత్తిన ఎండ, ఒక చేతిలో మేత బస్తా చీటీ, ఇంకో చేతిలో ఫోను. ఆ ఫోను నిలువుగా పట్టుకుంటే వెడల్పు 400 పిక్సెళ్లు, అటూ ఇటూ. 768 గీత ఎక్కడ, ఇది ఎక్కడ! పన్నెండు కాలమ్‌ల వైభవమంతా కుప్పకూలి, గడులన్నీ ఒకదాని కింద ఒకటి క్యూలో నిలబడతాయి. బూట్‌స్ట్రాప్ అలా నిలబెట్టడానికే ఉంది. తప్పు ఎవరిదీ లేదు.

డీలరుగారు గట్టు మీదే వేలితో పైకి తోశారు, ఇంకా పైకి తోశారు. ‘ఇందులో ఏముందయ్యా? పేరు, దాని కింద ఊరు, దాని కింద చెరువు. మా మేనల్లుడు వాట్సాప్‌లో ఇలాగే పంపుతాడు. దీనికి ఎనిమిది వేలా?’

‘మీరు పెద్ద తెర మీద చూడాలండీ’

‘నా దగ్గరెక్కడుంది?’

‘పోనీ ఫోను అడ్డంగా తిప్పండి బాబాయ్‌గారూ, ఒక్కసారి!’

తిప్పారు. అడ్డంగా 768 దాటింది. గడులు ఠక్కున ఇద్దరిద్దరుగా సర్దుకున్నాయి. బాబు మొహం వెలిగిపోయింది. డీలరుగారు పేరు గడి మీద వేలు పెట్టారు. కింద నుంచి కీబోర్డు లేచి, ఉన్న తెరంతా మింగేసింది.

నన్నడిగితే ఇతని పనితనం కాలమ్‌లలో లేదు. బాకీ గడి తాకితే నేరుగా అంకెల కీబోర్డు వస్తుంది. గడిలో అక్షరం 16 పిక్సెళ్లకి తగ్గనివ్వడు, తగ్గితే ఐఫోను పేజీని అమాంతం పెద్దది చేసి పక్కకి లాగేస్తుంది. ‘ఊరు’ అనే మాట మీద వేలు పెట్టినా గడిలోకి వెళ్లేలా ఆ రెంటికీ ముడేశాడు, తడి వేళ్లవాళ్లకి అదెంత ఉపకారమో! సిగ్నలు పోయి వచ్చాక ఎక్కడ తప్పు రాశారో ఎర్రగా ఆ గడి కిందే చెబుతుంది. ఇవేవీ ఎవరికీ కనబడవు. కష్టం లేకపోతే ఎవరూ గమనించరు కదా. విచిత్రం ఏమిటంటే ఇతను కూడా వీటి గురించి ఒక్క మాట గొప్పగా చెప్పుకోడు. ‘అవి మామూలేనండీ, ఈ గట్టర్ చూడండి, కాలమ్‌కీ కాలమ్‌కీ మధ్య సందు, 24 పిక్సెళ్లు’ అంటాడు.

డబ్బులిచ్చేముందు డీలరుగారికి బ్రేక్‌పాయింట్లు అనే ఆ గీతల సంగతి నచ్చచెప్పాలని ఇతను కొల్లేటినే సాక్ష్యానికి పిలిచాడు. ‘చూడండి బాబాయ్‌గారూ, మన కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు పరుచుకుంటుంది. ఉప్పుటేరు లాక్కుంటే ఎండల్లో ముడుచుకుంటుంది. గవర్నమెంటువాళ్లు దానికి గీతలు గీశారు: ప్లస్ త్రీ కాంటూరు, ప్లస్ ఫైవ్ కాంటూరు. నావీ అంతే. 576, 768, 992. నీళ్లు ఏ గీత దాకా వస్తే ఊళ్లు ఆ తీరుగా ఉంటాయి, తెర ఏ గీత దాకా ఉంటే గడులు ఆ తీరుగా ఉంటాయి.’

ఆ ప్రాంతంలో కాంటూరు మాట ఎత్తకూడదని ఇతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేర్చారు, 2006లో ఆపరేషన్ కొల్లేరు అని మిషన్లు తెచ్చి గట్లు తెగ్గొట్టారు. గూడబాతులకి మేలు జరిగింది. డీలరుగారి ఖాతాదార్లకి జరగలేదు. ఆయన చాలాసేపు ఇతని మొహం వంక చూశారు.

‘ఆ గీత దాటితే పొక్లెయిన్ వచ్చింది. నీ గీత దాటితే ఏమొస్తుంది?’

‘రెండో కాలమ్ వస్తుందండీ’

అయిదు వేలిచ్చి పంపించారు.

ఇతనికి పెళ్లిసంబంధం తాడేపల్లిగూడెం నుంచి వచ్చింది. పెళ్లికూతురి తండ్రి ఉల్లిపాయల కమిషన్ వ్యాపారి. పెళ్లిచూపుల్లో కాఫీ కంటే ముందు అమ్మాయి బయోడేటా చేతికిచ్చారు. ఇతను జేబులోంచి పెన్ను తీసి, గోత్రం, నక్షత్రం ఒకే వరసలో ఉండాలని బాణం గుర్తు వేశాడు. ఎత్తుకి మూడు చాలన్నాడు. పెద్దవాళ్లు అది అమ్మాయి ఎత్తు గురించేమో అని కంగారుపడ్డారు. అమ్మాయి మాత్రం తాపీగా, ‘మరి నా పేరుకెన్నండీ?’ అంది. ‘పన్నెండూ’ అన్నాడు. ముహూర్తం పెట్టేశారు.

మావగారింట్లో ఇతనికి ఒకే ఒక శత్రువు: పై పోర్షన్లో అద్దెకుంటున్న నిట్ కుర్రాడు. 2015లో గూడెంలో నిట్ పెట్టకముందు ఈ ఊళ్లో అల్లుళ్లకి ఇలాంటి ప్రమాదం ఉండేది కాదు. కుర్రాడు మెట్లు దిగుతూ ల్యాప్‌టాప్ వంక ఓ చూపు పడేసి, ‘అంకుల్, ఇంకా బూట్‌స్ట్రాపేనా? సీఎస్ఎస్‌లోనే గ్రిడ్ ఉంది కదా, 2017 నుంచి అన్ని బ్రౌజర్లలోనూ వస్తోంది. కాలమ్‌లు ఎన్ని కావాలంటే అన్ని పెట్టుకోవచ్చు’ అన్నాడు. అంకుల్ అన్నందుకు బాధపడలేదు. ఎన్ని కావాలంటే అన్ని అన్నందుకు పడ్డాడు. ఏడు పెట్టుకోవచ్చా? పదమూడు? మనిషన్నాక ఓ కట్టుబాటు ఉండొద్దా?

ఒక పండక్కి వెళ్లినప్పుడు మావగారు దగ్గరికి పిలిచి, ‘బాబూ, మీరు ఫారాలు చేస్తారంట కదా. లారీలొచ్చినప్పుడు వివరాలు రాసుకోవడానికి మాకూ ఒకటి చేసిపెట్టండి’ అన్నారు. లారీ నంబరు, సరుకు కర్నూలుదా మహారాష్ట్రదా, రైతు పేరు, బస్తాలు, కాటా తూకం, తడిసినవెన్ని, కమిషన్, హమాలీ ఖర్చు, అన్నీ కలిపి రెండు డజన్ల గడులు. అల్లుడు ప్రాణం పెట్టి చేశాడు. ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. మావగారు ల్యాప్‌టాప్ వంక చూడకుండా, ‘ప్రింటు తీయండి’ అన్నారు.

ఇతనికి లోపల్లోపల ఆనందమే. ఫోను ఇరుకుది గాని, కాగితానికేం? ఏ4 కాగితం దర్జాగా ఉంటుంది. కాగితం మీదైనా లోకం చూస్తుంది. జెరాక్సు షాపుకెళ్లి ప్రింటు ఇచ్చాడు. మిషను గర్రుమని ఒక కాగితం వదిలింది, ఇంకోటి వదిలింది, మూడోది వదిలింది. లారీ నంబరు, దాని కింద ఊరు, దాని కింద రైతు. అన్నీ క్యూలో నిలబడి ఉన్నాయి.

లెక్క తరవాత తెలిసింది. బ్రౌజరు దృష్టిలో ఏ4 కాగితం వెడల్పు 794 పిక్సెళ్లు. రెండు పక్కలా మార్జిన్లు పోతే 718. అక్కడా 768 అందదు. కాగితం కూడా ఇతనికి ఫోనే అయింది.

మావగారు మూడు కాగితాలూ అటూ ఇటూ తిప్పి చూశారు. సగం పైన తెల్లగా ఉంది. కాగితం దండగ ఆయనకి సహించదు.

‘బాబూ, ఇవి ఇలా ఒకదాని కింద ఒకటి ఎందుకూ? పక్కపక్కన పెట్టలేరా?’

ఇన్నేళ్ల వృత్తిలో ఈ మాట అడిగిన ఖాతాదారు లేడు. కాన్వెంటువాళ్లు అడగలేదు, కల్యాణమండపంవాళ్లు అడగలేదు, ఐసు ఫ్యాక్టరీవాళ్లు అడగలేదు. ‘పెట్టగలనండీ, మూడేసి పెట్టమంటారా, నాలుగేసా?’ అన్నప్పుడు గొంతు వణికింది. పరిగెత్తుకెళ్లి ‘ఎండీ’ ఉన్నచోటల్లా ‘ఎస్ఎం’ అని మార్చాడు. దాని గీత 576 దగ్గరే. మళ్లీ ప్రింటు ఇచ్చాడు. ఒకటే కాగితం. సగం సగం, మూడో వంతు, పావు, అంచులన్నీ తిన్నగా.

మావగారు కళ్లజోడు సర్దుకుని, ‘ఇప్పుడు బాగుంది. ఇది అయిదొందలు జెరాక్సు తీయించి ప్యాడ్లు కుట్టిద్దాం. ఆ ఆన్‌లైన్‌ది ఎందుకులెండి, తీసేయండి, ఏడాదికోసారి దానికి డబ్బు కట్టడం కూడానూ’ అన్నారు.

తీసేశాడు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

ఇప్పుడు ఏలూరు నుంచి ఎవరు తనతో గూడెం వచ్చినా ఉల్లి మార్కెట్టు చూపిస్తానని తీసుకెళ్తున్నాడు. కాటా పక్కన గుమాస్తాగారి ప్యాడు తీసుకుని, ఉల్లి పొట్టు దులిపి, తూకం గడి మీద వేలుపెట్టి, ‘ఇదండీ కాల్-ఎస్ఎం-4’ అంటాడు. ‘దీని పక్కన ఇంకో నాలుగు. చూడండి, అంచు ఎలా కలిసిందో.’ వచ్చినవాళ్లు వంగి చూస్తుంటే, వెనకనుంచి హమాలీ అరుస్తాడు, ‘తప్పుకోండి బాబూ, బస్తా వస్తోంది!’